గడువులోగా ఒక కాగితం



ఇల్లూ పిల్లలూ వంటా వార్పుల గురించి చెప్పుకునే ఈ కార్యక్రమంలో మునిసిపాలిటీ గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఆలోచించండి. కుళాయి రాకపోతే బిందె పట్టుకు తిరిగేది మనం. మురుగు పొంగి వాకిట్లోకి వస్తే చీపురు పట్టేది మనం. దోమలు కుట్టి పిల్లవాడికి జ్వరమొస్తే రాత్రంతా మేలుకునేదీ మనమే. అలాంటప్పుడు పేట సంగతి ఇంటి సంగతి కాకుండా ఎలా పోతుంది?

సాయంత్రంపూట గుమ్మాల్లో కూర్చుని మునిసిపాలిటీవారిని తిట్టుకోవడంలో మనకేమీ లోటు లేదు. ఆ తిట్లు వినేదీ మనమే. నేనూ ఇరవై ఏళ్ళు ఆ పనే చేశాను. ఇంకో పని కూడా చేయవచ్చని నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మా కాలనీ వేసినప్పుడు ప్లానులో పార్కు కోసమని కొంత స్థలం వదిలారు. పార్కు రాలేదు సరికదా, ముళ్ళకంప పెరిగింది. అయినా పిల్లలు ఓ మూల బాగుచేసుకుని ఆడుకునేవారు. పెద్దవాళ్ళు అక్కడున్న వేపచెట్టు కింద కూర్చునేవారు. వానాకాలంలో వీధి నీళ్ళన్నీ అటు వెళ్ళి ఇంకిపోయేవి.

ఒకరోజు వంటింటి అలమరలో పాత కాగితాలు తీసి కొత్తవి పరుస్తున్నాను. పేపరులో ఓ మూల చిన్న అక్షరాల ప్రకటన. సర్వే నంబర్ల మధ్య మా కాలనీ పేరు కనిపించి ఆగాను. ఆ పార్కు స్థలాన్ని దుకాణాల కోసం మార్చదలచారట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలట. తేదీ చూద్దును కదా, అప్పటికే పదకొండు రోజులైపోయాయి!

మావారితో చెబితే, "వాళ్ళు అన్నీ నిర్ణయించుకునే వేస్తారు. నీ కాగితం ఎవరు చూస్తారు?" అన్నారు. అయినా ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగాను. కొందరు "మావారినడిగి చెబుతానండీ" అన్నారు. కొందరు వెంటనే సంతకం పెట్టారు. వీధి చివర బట్టలు కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని పోషించుకుంటున్న ఒకావిడ మాత్రం, "పార్కు మీకు గాలి కోసం అక్కయ్యా, కొట్టు నాకు కూటి కోసం. అక్కడ కొట్లు కడితే ఒకటి అద్దెకు తీసుకుందామనుకున్నా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అర్జీలో ఇంకో పేరా చేర్చాను. మార్కెట్టు దగ్గర ఖాళీగా పడివున్న మునిసిపల్ గదుల్ని ఇలాంటి స్త్రీలకు తక్కువ అద్దెకివ్వాలని రాసి, ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఊరుకుని, ఆ తరవాత సంతకం చేసింది.

పద్నాలుగో రోజున నలుగురం కలిసి ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా "అక్కడ పెట్టి వెళ్ళండమ్మా" అన్నాడు. మా పేటలోని రిటైరైన మాస్టారు ముందే హెచ్చరించారు కాబట్టి, రెండో కాపీ మీద ముద్రా తేదీ వేయించుకునే కదిలాం. కొన్నాళ్ళకు మమ్మల్ని పిలిచి మా మాట విన్నారు. ఆ అధికారి అన్నమాట నేను మరచిపోలేను: "ఇంతకుముందు ఇంకో పేటలో ఇలాగే ప్రకటన వేస్తే ఒక్క అభ్యంతరమూ రాలేదమ్మా. రాకపోతే అందరికీ సమ్మతమేనని రాసుకుంటాం."

చూశారా! మన మౌనం కూడా ఫైలులోకి ఎక్కుతుందన్నమాట.

ఇది మా ఒక్క పేట కథే కాదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో తెరిచిన మురుగు కాలువల కంపు భరించలేక ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. డబ్బు లేదని చెప్పి మునిసిపాలిటీ తన బాధ్యతనుంచి తప్పుకోవడానికి వీల్లేదని 1980లో కోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ కృష్ణయ్యరుగారితోపాటు మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డిగారు కూడా ఉన్నారు. బెంగుళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికిస్తే, అక్కడి నివాసులు పోరాడారు. 1991లో వారే గెలిచారు.

1993 జూన్ నుంచి అమలైన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాల్లో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలంది. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వార్డుకు నాలుగేసి కమిటీలు వేయాలని చెప్పింది. వాటిలో ఒకటి మహిళలదే. మీ వార్డులో ఉందో లేదో, ఉంటే అందులో ఎవరున్నారో కనుక్కోండి.

పట్టణానికి మాస్టర్ ప్లాను తయారైనా అంతే. ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. కామారెడ్డి, జగిత్యాలల్లో ప్రజలు గట్టిగా అభ్యంతరం చెబితే, 2023 జనవరిలో అక్కడి మునిసిపల్ కౌన్సిళ్ళు ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించాయి.

మనం చేయదగ్గవి పెద్ద పనులేమీ కావు. పేపరు అలమరలో పరిచేముందు ప్రకటనల మీద ఓ చూపు వేయండి. మీ కాలనీ ప్లాను కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా ముప్ఫై రోజుల్లోగా జవాబివ్వాలి. నోటితో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు కనుక, ఫోనులో ఫిర్యాదు చేసినా నంబరు రాసుకోండి. కాగితం ఇస్తే ముద్ర వేయించుకోండి. ఒంటరిగా వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. ముఖ్యంగా, మీతో ఏకీభవించనివారి గుమ్మం కూడా తొక్కండి.

మా పార్కు స్థలం నిలిచింది. ముళ్ళకంప కొట్టించి బెంచీలు వేయించాలని మళ్ళీ అర్జీ పెట్టాం. ఇంకా తిరుగుతున్నాం. మార్కెట్టు గదుల సంగతి మాత్రం ఇంతవరకూ తేలలేదు. ఆ కుట్టుపని చేసే ఆవిడ కనిపించినప్పుడల్లా, "ఏమైందక్కయ్యా?" అని అడుగుతుంది. ఆవిడ చేసిన సంతకం నా మీద అప్పులా ఉంది. అది తీరేదాకా నేను ఆ ఆఫీసు మెట్లెక్కుతూనే ఉంటాను.

మీ వీధిలోనూ అలాంటి అప్పు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. గడువు దాటకముందే ఒక కాగితం తీసి రాయండి. సెలవు.

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)