చూరునీళ్లకు వాలు ఎంత?



వాన చినుకు చేనులో పడితే పంట. అదే చినుకు ఇంటి గోడ మొదట్లో పడితే నష్టం. ఈ పూట నేను మీతో మాట్లాడదలచింది చూరునీళ్లు పట్టే రేకు దోనెను గురించి. దోనె కట్టించడం అందరికీ తెలుసు. దానికి వాలు ఎంత ఉండాలన్నదే చిక్కు.

"బాగా వాలు పెట్టించండి" అని మనం తేలికగా చెప్పేస్తాం. నేనూ అట్లాగే చెప్పాను. ఎమ్మిగనూరుకు దగ్గరలో ఒక రైతు తన 30 అడుగుల రేకుల వసారాకు దోనె కట్టిస్తూ సలహా అడిగినారు. నేను కొలత చెప్పకుండా వచ్చేశాను. ఆయన నా మాట మీద గురి ఉంచి ఏకంగా ఒక అడుగు వాలు పెట్టించినారు. దాంతో దిగువ కొసన దోనె చూరుకు అడుగు కిందికి పోయింది. సెప్టెంబరు వానలో గాలి విసిరితే, రేకు మీది ధార దోనెలో పడక, దోనెకూ గోడకూ మధ్యన పడింది. మట్టిగోడ మొదలు నానింది. లోపల గోడకు ఆనించిన బుడ్డల మూటలకు చెమ్మ తగిలి బూజు పట్టింది. బూజు పట్టిన బుడ్డలలో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అవి మనుషులకే కాదు, గొడ్లకూ పెట్టకూడదు. గోడ కూలకముందే చూసుకున్నారు గనుక ప్రాణాలకు ముప్పు తప్పింది. తప్పు ఆయనది కాదు, కొలత చెప్పని నాది.

మరి వాలు బొత్తిగా తగ్గిస్తే? తుంగభద్ర దిగువ కాలువ ఎంతో స్వల్పమైన వాలుతోనే మన ప్రాంతానికి నీళ్లు తెస్తున్నది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని కాలువలో నీరు లోతుగా పారుతుంది. దోనెలో పారేది అంగుళమో, రెండు అంగుళాలో. దానితోపాటు రేకు మీది దుమ్ము, వేపాకు కొట్టుకువస్తాయి. నీరు మందగించిన చోటల్లా మట్టి పేరుకుంటుంది. 1953లో పూర్తయినప్పుడు సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర జలాశయమే పూడిక వల్ల 106 టి.ఎం.సి.లకు తగ్గింది. ఇక మన దోనె ఎంత? పూడితే పొర్లుతుంది, నిలిస్తే దోమలు పెరుగుతాయి.

కాబట్టి లెక్క గుర్తుంచుకోండి: 10 అడుగులకు 1 అంగుళం. 30 అడుగుల దోనెకు 3 అంగుళాలు. ఇల్లు 40 అడుగులు దాటితే నడుమ ఎత్తు ఉంచి రెండు వైపులకూ వాలు ఇచ్చి, రెండు గొట్టాలు దించండి.

కంటితో చూసి కట్టవద్దు. చూరు సమంగా ఉన్నదనీ నమ్మవద్దు. బేల్దారి మేస్త్రి వాడే ప్లాస్టిక్ నీళ్ల గొట్టం తెప్పించండి. గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, గోడకు రెండు కొసలా ఒకే మట్టానికి గుర్తులు పెట్టండి. నీళ్లు దిగే వైపు గుర్తుకు 3 అంగుళాలు కింద మరొక గుర్తు పెట్టి, ఎగువ గుర్తు నుంచి దానికి దారం బిగించండి. ఆ దారం వెంట రెండున్నర అడుగులకు ఒక ఇనుప పట్టీ బిగించి, దోనెను వాటి మీద కూర్చోబెట్టండి. రేకు కొస దోనెలోకి రెండు అంగుళాలు రావాలి. దోనె బయటి అంచు లోపలి అంచు కంటే కొంచెం పల్లంగా ఉండాలి. అప్పుడు పొర్లినా నీరు గోడ మీదికి రాదు. చివరకు ఎగువన ఒక బిందె నీళ్లు పోయండి. ఎక్కడా మడుగు నిలవకపోతే పని కుదిరినట్టే.

మిద్దె ఇళ్లవారు మిద్దెకే అడుగుకు పావు అంగుళం వాలు ఉంచి, దోనె ముక్కు గోడకు దూరంగా నీళ్లు పోసేటట్టు చూసుకోవాలి.

గొట్టం నుంచి దిగిన నీటిని పునాది దగ్గర వదలకండి. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రె విచ్చుతుంది. ఆ లాగుడుకే గోడలు బీటలు వారేది. నీటిని దూరంగా తొట్టిలోకి మళ్లించండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 1,400 లీటర్ల నీరు. 15 లీటర్ల బిందెలతో 90కి పైగా! ఆదోని వైపు ఎండాకాలంలో బిందె నీటి విలువ ఎంతో ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతుకు "బాగా", "కొంచెం" అని చెప్పకండి. అంగుళాల్లో చెప్పండి. వీలైతే దారం రెండో కొస మీరే పట్టుకోండి.

వచ్చే వానకు ముందే మీ దోనెను ఒక్కసారి కొలిచి చూసుకుంటారని ఆశిస్తూ, సెలవు.