దెబ్బ చుట్టూ చూడండి



నేను చాలాకాలం పత్రిక జిల్లా డెస్కులో పనిచేసినవాణ్ణి. ఇవాళ పట్టా అందుకుంటున్న మీతో నాకు చేతనైన పని గురించే మాట్లాడతాను. మీ ఫోనులోకి ఒక వీడియో వస్తుంది. అందులో ఎవరో ఎవరినో కొడుతుంటారు, నరుకుతుంటారు, ఎత్తుకుపోతుంటారు. కింద రెండు ముక్కలు రాసి ఉంటాయి: మన దగ్గరే జరిగింది, అందరికీ పంపండి. ఇంట్లో అమ్మ ఆ ఫోను మీ చేతికిచ్చి, ‘ఇది నిజమేనంటావా?’ అని అడుగుతుంది. ఇంట్లో చదువుకున్నది మీరు కాబట్టి మిమ్మల్నే అడుగుతుంది. ఆమెకు ఏం చెప్పాలన్నదే ఇవాళ నా విషయం.

2018 మే నెలకు మీలో చాలామంది హైస్కూల్లో ఉండి ఉంటారు. తెలుగు జిల్లాల్లో అప్పుడు ఊరూరా ఒకటే మాట. పార్థీ గ్యాంగు దిగిందట, బీహారు గ్యాంగు దిగిందట, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట. ఆ మాటకు సాక్ష్యంగా ఒక వీడియో తిరిగింది. సందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి, ఒక పిల్లాణ్ణి లాగి బండి మీద వేసుకుని పోతారు. పైన ఎక్కడో ఉన్న సీసీ కెమెరాకు చిక్కినట్టు ఉంటుంది. అక్కడితో వీడియో ఆగిపోతుంది.

అసలు వీడియో అక్కడ ఆగదు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో తీసింది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ, తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీయించిన చిన్న ప్రచార చిత్రం. బండి మీద పోయినవాళ్ళు మరుక్షణమే తిరిగొస్తారు. పిల్లాణ్ణి దింపుతారు. కరాచీ వీధుల్లో పిల్లాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలన్న అర్థం వచ్చే అట్టను విప్పి చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కోసేశారు. తీసినవాళ్ళు పిల్లల మేలు కోరే తీశారు. అందులో పాల్గొన్న పిల్లలకు ఏమీ కాలేదు. ఆ కోత మాత్రం మన దేశంలో ప్రాణాలు తీసిన ఉన్మాదానికి ఆజ్యం పోసింది. అదే రోజుల్లో వరసగా పడుకోబెట్టిన చిన్నపిల్లల శవాల ఫొటో ఒకటి తిరిగింది. అది 2013లో సిరియాలో విషవాయువు దాడికి బలైన పిల్లలది. ఫొటో నిజమైనదే, ఊరూ సంవత్సరమూ వేరు.

మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెలలో భిక్షకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. జూలై 13న హైదరాబాద్ నుంచి కారులో వెళ్ళిన కుర్రాళ్ళు కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఒక ఊళ్ళో బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. ఊరివాళ్ళు అనుమానించి నిలదీస్తే భయపడి బండి తీశారు. వాళ్ళ కారు కన్నా ముందే వాళ్ళ మీద వాట్సాప్ మెసేజీ ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారికి అడ్డంగా దుంగలు వేసి ఉన్నాయి. జనం దెబ్బలకు వాళ్ళలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. వారం తిరగకుండా వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డు చేయకుండా పరిమితి ప్రకటించింది.

ఈ కథలో మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. అప్పుడు జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే పల్లె జనం పెందలాడే తలుపులు బిగించుకుంటున్నారని ఆమె సిబ్బంది గమనించారు. ఆరా తీస్తే ఈ వీడియోలు బయటపడ్డాయి. ఆమె ఊరూరికీ ఒక పోలీసును పంపించింది. జనం మధ్య కూర్చుని ఆ వీడియోలు ఎక్కడివో చెప్పించింది. డప్పు కొట్టించి, పాటలు కట్టించి చెప్పించింది. ఆమె జిల్లాల్లో ఈ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ పోలీసులు చేసినదంతా, మనుషుల దగ్గరికి వెళ్ళి ఓపిగ్గా మాట్లాడటమే.

ఇంతవరకు విన్నాక, ‘అయితే దేన్నీ నమ్మకుండా ఉంటే సరిపోతుంది కదా’ అని మీలో కొందరికి అనిపిస్తుంది. సరిపోదు. అదే 2018 జూలైలో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఇంకో వీడియో బయటికొచ్చింది. సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళను, ఇద్దరు పిల్లలను మట్టిబాట వెంట నడిపించుకుపోతారు. పిల్లల్లో ఒకరు తల్లి వీపున కట్టుకున్న పసిబిడ్డ. కళ్ళకు గంతలు కట్టి నలుగురినీ కాల్చేస్తారు. ఆ దేశ ప్రభుత్వం అది అబద్ధపు వీడియో అని కొట్టిపారేసింది. ఆ దుస్తులు, ఆ తుపాకులు ఆ ప్రాంతంలోని మా సైనికులవి కావంది.

బీబీసీ ఆఫ్రికా ఐ బృందమూ, వాళ్ళకు తోడుపడిన మరికొందరూ కలిసి ఆ వీడియో ముందు కూర్చున్నారు. వాళ్ళు మొదట చూసింది హత్యను కాదు, వెనకాల కనిపించే కొండల వరసను. కొండ అంచు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అని గీత గీసుకుని ఉపగ్రహ చిత్రాలతో పోల్చుకుంటూ వెళ్ళారు. నైజీరియా సరిహద్దు దగ్గర జెలెవెట్ అనే ఊరి దగ్గర సరిపోయింది. వీడియోలో కనిపించే ఇళ్ళు, గోడలు ఏ ఏడాది ఉపగ్రహ చిత్రాల్లో ఉన్నాయో, ఏ ఏడాది లేవో చూసి కాలాన్ని కుదించారు. చివరికి నడుస్తున్న సైనికుల నీడల కోణం లెక్కగట్టి, అది 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య జరిగిందని తేల్చారు. అలాంటి దుస్తులే వేసుకుని ఆ ప్రాంతపు సైనికులు తీసుకున్న ఫొటోలు ఫేస్‌బుక్‌లోనే దొరికాయి. అబద్ధమన్న ప్రభుత్వమే తర్వాత ఏడుగురు సైనికులను అరెస్టు చేసింది. 2020లో నలుగురికి పదేళ్ళ జైలుశిక్ష పడింది. ‘ఇదంతా నాటకం’ అన్న మాటకు ప్రపంచం తలూపి ఊరుకుని ఉంటే, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ పిల్లలూ అసలు చనిపోనట్టే లెక్క అయ్యేది.

దేన్నీ నమ్మకపోతే సరిపోదని మీకు ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మన కన్ను హింసను కొలిచే కొలత సినిమాది. గోదావరి జిల్లాల వాళ్ళం మనం షూటింగుల మధ్య పెరిగాం. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో నిద్రగన్నేరు చెట్టుకు ‘సినిమా చెట్టు’ అనే పేరు స్థిరపడిపోయింది. 2024 ఆగస్టులో అది కూలిపోతే మనిషి పోయినట్టు జనం చూడటానికి వెళ్ళారు. దెబ్బలు తిని రక్తం ఓడుతూ పడ్డ ఫైటరు ‘కట్’ అనగానే లేచి టీ తాగడం చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. అయినా సరే, తెర మీద చూసిందే మనలో స్థిరపడుతుంది. నిజమైన కొట్లాట అలా ఉండదు. దానికి సినిమా చప్పుడు ఉండదు, పొందిక ఉండదు. దెబ్బ తిన్నవాడు ఒక్కోసారి లేచి నాలుగడుగులు నడిచి అప్పుడు పడతాడు. చూసేవాళ్ళు ఒక్కోసారి అరవకుండా కొయ్యబారిపోతారు. అందుకే నిజమైన చావు కింద కూడా ‘ఓవర్ యాక్షన్’ అని కామెంట్లు పడతాయి. మరోపక్క సీసీ కెమెరా రంగు వేసి, మూలన తేదీ పెట్టి, అవగాహన కోసమంటూ తీసే చిన్న నాటకాలు ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో కొల్లలు. ఇది కల్పితమన్న ముక్క చివర్లో ఎక్కడో ఉంటుంది, చేతులు మారేసరికి అది ఊడిపోతుంది. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు ఇలాంటివి ఎన్నో పట్టుకుని తెలుగులోనే రాస్తున్నాయి. నటన బాగుందా లేదా అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎటు తిరిగినా తప్పే తేలుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ మనుషుల్నీ వాళ్ళ గొంతుల్నీ కూడా తయారుచేస్తోంది కాబట్టి మొహాలు చూసి తేల్చడం ఇంకా కష్టం.

దెబ్బ చుట్టూ చూడండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది. ఈ పనికి మీకు ఉన్నంత సాయం ఏ ఢిల్లీ నిపుణుడికీ లేదు, ఎందుకంటే ఈ నేల మీకు తెలుసు. వెనకాల రాజమండ్రి హేవలాక్ వంతెన మీద రైలు పోతుంటే అది ఇవాళ్టి వీడియో కాదు, 1997 తర్వాత దాని మీద రైళ్ళు లేవు. బండి నంబరు ఏపీ 39 అయితే ఆ వీడియో 2019కి ముందుది కాదు. అంతకుముందు తూర్పు గోదావరికి 05, పశ్చిమ గోదావరికి 37. పాత నంబర్ల బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి దీన్ని తిరగేసి లెక్కగట్టకండి. నదిలో ఎర్రనీరు ఉందా, తేటనీరు ఉందా? వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కదా, మే నెల చివర జరిగిందంటున్న గొడవ వెనకాల కాలువ నిండుగా పారుతోందేం? పొలంలో సార్వా నాట్లా, దాళ్వా కోతలా? తిట్టేవాడి యాస అమలాపురానిదా, ఇంకెక్కడిదా?

నీడ సంగతి కూడా ఒకటి చెబుతాను, సైన్సు విద్యార్థులకు నచ్చుతుంది. రాజమండ్రి దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో రెండుసార్లు, మే రెండో వారం మొదట్లోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు స్తంభానికి నీడే పడదు. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. పైగా దేశం గడియారాలన్నీ అనుసరించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచే పోతుంది కాబట్టి మన గడియారం పన్నెండుకూ, సూర్యుడి మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదు. డిసెంబరు మధ్యాహ్నం జరిగిందన్న వీడియోలో నీడలు కాళ్ళ కిందే ముడుచుకుని ఉంటే ఆ మాట అబద్ధం. జెలెవెట్ తేదీని పట్టిచ్చిన లెక్క ఇదే.

మన దగ్గరా నిజమైన వీడియోలు ఉన్నాయి. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ గుంపులు మంత్రి ఇంటినీ ఎమ్మెల్యే ఇంటినీ తగలబెట్టినప్పుడు తీసిన దృశ్యాలు నటన కావు. చాలామంది నిందితులను పోలీసులు గుర్తించింది ఆ వీడియోలు, సీసీ ఫుటేజీ చూసే. ఆ తర్వాత చాలా రోజులు కోనసీమకు ఇంటర్నెట్ లేదు, ఇంటి నుంచి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు నానా అవస్థ పడ్డారు. 2025 మార్చిలో రాజమండ్రి శివారు కొంతమూరు దగ్గర పాస్టర్ ప్రవీణ్ పగడాల చనిపోయినప్పుడు ఇంకో రకం కష్టం వచ్చింది. కొన్ని సెకన్ల ముక్కలు పట్టుకుని హత్య అన్నవాళ్ళూ, ప్రమాదం అన్నవాళ్ళూ తీర్పులు చెప్పేశారు. పోలీసులు ఆయన వచ్చిన దారి పొడవునా కెమెరాల ఫుటేజీ సేకరించి, వరసలో పేర్చి, ఏప్రిల్‌లో అది రోడ్డు ప్రమాదమని ప్రకటించారు. ఆ మధ్యలో గడిచిన రోజుల్లో ఏం జరిగిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. ‘తెలియదు’ అనడానికి మన ఊళ్ళలో ఎవరూ సిద్ధంగా లేకపోయారు. ఒక ఊరు రెండుగా చీలడానికి అలాంటి రోజులు నాలుగు చాలు.

అమ్మ అడిగినప్పుడు ‘ఇంకా తెలియదమ్మా, తెలిసేదాకా ఎవరికీ పంపకు’ అని చెప్పండి. మీ చదువుకు అది చిన్నతనం కాదు. నాట్లకు బెంగాల్ నుంచి వచ్చే కూలీలు, చెరువుల మీద, బట్టీల్లో పనిచేసే ఒడిశా, బీహార్ మనుషులు మన ఊళ్ళలో ఉన్నారు. మళ్ళీ ఏ గ్యాంగు పేరో పుడితే రాత్రి టీ కొట్టు దగ్గర ముందుగా ఆపేది వాళ్ళనే. వాళ్ళకు మన భాష రాదు, తమను తాము కాపాడుకునే మాట కూడా చెప్పలేరు.

ఇక, తీసింది మీరే అయితే. మీ కళ్ళ ముందు దారుణం జరిగి, మీ ఫోనులో అది ఉంటే, ముందు 112కి ఫోన్ చేయండి. ఆ ఫైలును కత్తిరించకండి, పాట కలపకండి, పేరు కూడా మార్చకండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఫైలును కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు పోతాయి. అసలు ఫైలు మీ ఫోనులోనే ఉండనివ్వండి, ఫోనును దర్యాప్తు అధికారికి చూపించండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క సెకను కోసినా ఆ విలువ మారిపోతుంది. లా పట్టా తీసుకుంటున్న వాళ్ళకు ఇది తెలుసు, మిగతావాళ్ళు వాళ్ళను అడగండి. అందులో ఉన్న మనిషి చనిపోతే అది స్టేటస్‌లో పెట్టకండి. వాళ్ళింట్లో ఆ సంగతి ఇంకా తెలియకపోవచ్చు.