ఒక్క నానోట్యూబ్‌ని ప్లాస్టిక్‌లోంచి పీకితే?

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పాత ఎపిసోడ్‌లో కార్బన్ నానోట్యూబ్స్ గురించి మంచి ఊపులో ఉండి, "వీటిని ప్లాస్టిక్‌లో కలిపితే చాలు, ఇక స్టీల్ పని అయిపోయినట్టే" అనేశాను. తర్వాత కూర్చుని పేపర్లు చదివితే తెలిసింది, ఆ "కలిపితే చాలు" అన్న దగ్గరే అసలు గొడవంతా ఉందని.

ట్యూబ్ వరకు నేను చెప్పింది కరెక్టే. 1991లో జపాన్ సైంటిస్ట్ సుమియో ఇజిమా నేచర్ పత్రికలో వీటి గురించి రాసిన దగ్గర్నుంచి అందరి కన్నూ వీటి మీదే. స్టిఫ్‌నెస్ 1 టెరాపాస్కల్ దరిదాపుల్లో, అంటే స్టీల్‌కి సుమారు 5 రెట్లు. కానీ బరువు ముందు పడేది ప్లాస్టిక్ మీద. అది ట్యూబ్‌కి అందాలంటే రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండాలి. ఊళ్లో మట్టిగోడ కోసం మట్టిలో వరిగడ్డి వేసి తొక్కుతారు కదా, మట్టి పట్టుకోకపోతే పరక జారి బయటికొచ్చేస్తుంది, గోడ పగులుతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో అయితే, రెండు టీమ్‌ల కోడ్ విడివిడిగా అన్ని టెస్టులూ పాస్, కలిపిన రాత్రే సర్వర్ డౌన్. అలాంటి రాత్రులు నేను చాలానే చూశాను.

మరి ఆ పట్టు ఎంతో కొలిచేదెలా? పెద్ద ముక్కని లాగి విరగ్గొడితే సరిగ్గా తెలియదు. లోపల కోట్ల ట్యూబులు, కొన్ని ఉండకట్టి, కొన్ని వంకరగా. ఏది జారిందో, ఏది తెగిందో ఎవరికి తెలుసు? అందుకని ఒకే ఒక్క ట్యూబ్‌ని పట్టుకుని లాగాలి. దాని మందం కొన్ని పదుల నానోమీటర్లు. మన తల వెంట్రుక సుమారు 80,000.

ఇక్కడ వచ్చేదే 1986 నాటి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. పేరుకి మైక్రోస్కోప్ గానీ ఇది చూడదు, తడుముతుంది. స్విమ్మింగ్ పూల్ దగ్గర దూకే పలక ఉంటుంది కదా, అలాంటిదే బాగా చిన్న పట్టీ. పేరు కాంటిలీవర్. దాని వీపు మీద లేజర్ వేస్తారు. పట్టీ ఏ కొంచెం వంగినా లేజర్ చుక్క డిటెక్టర్ మీద పక్కకి జరుగుతుంది. ఎంత వంగిందో తెలిస్తే మిగతాది ఇంటర్‌లో చదివిన హుక్స్ లా. వంపుని స్ప్రింగ్ కాన్‌స్టంట్‌తో గుణిస్తే ఫోర్స్, అదీ నానోన్యూటన్లలో. అయితే ఆ కాన్‌స్టంట్ ప్యాకెట్ మీద రాసింది నమ్మేస్తే కొంప మునుగుతుంది. గది వేడికే పట్టీ సన్నగా వణుకుతుంటుంది. ఆ వణుకుని కొలిచి కాన్‌స్టంట్‌ని లెక్కగడతారు. మనకి చిరాకు తెప్పించే నాయిసే అక్కడ స్కేలు! నాకు భలే నచ్చింది ఇది.

2003లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో బార్బర్, కోహెన్, వాగ్నర్ ఒక ట్యూబ్‌ని ఈ మొనకి అతికించారు. వేడికి కరిగిన పాలిమర్‌లోకి దింపి, చల్లారి గట్టిపడ్డాక బయటికి లాగారు. ఫోర్స్‌ని ట్యూబ్ మునిగిన ఏరియాతో భాగిస్తే సగటున 47 మెగాపాస్కల్స్. చదరపు మిల్లీమీటర్‌కి దాదాపు 5 కిలోల బరువు వేలాడదీసినట్టు. అంత లాగితే ఆ ప్లాస్టిక్ మామూలుగా అయితే సాగిపోవాలి. ట్యూబ్‌కి ఆనుకుని ఉన్న ప్లాస్టిక్ మాత్రం తట్టుకుంది. అంటే పక్కన ట్యూబ్ ఉంటే ప్లాస్టిక్ గుణమే కొంత మారుతోందన్నమాట.

లాగడం ఒక పద్ధతి, ఒలవడం ఇంకోటి. ఫోన్ స్క్రీన్‌గార్డ్‌ని నిటారుగా పైకి లాగి చూడండి, రాదు. మూల దగ్గర గోరు పెట్టి ఎత్తితే సులువుగా వచ్చేస్తుంది. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2008, 2009 పేపర్లలో చేసింది ఇదే. పాలిమర్ మీద పడుకున్న ట్యూబ్‌ని మొనతో కొంచెం కొంచెంగా ఒలిచారు. ఇక్కడో చిక్కుంది. మనం పెట్టే శక్తిలో కొంత ట్యూబ్‌ని వంచడానికే పోతుంది, మిగిలిందే జిగురుది. ఆ రెండింటినీ విడదీయకపోతే పట్టు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్ల అసలు పని ఆ విడదీయడమే.

"పట్టు తక్కువైతే కెమికల్‌గా అతికించొచ్చుగా బ్రో" అంటారు. చేస్తారు, ట్యూబ్ గోడ మీద ఆక్సిజన్ గ్రూపులు లాంటివి తగిలిస్తారు. కానీ తగిలించిన ప్రతిచోటా గోడలో ఒక లోపం పడుతుంది. పట్టు పెరుగుతుంది, ట్యూబ్ బలం తగ్గుతుంది. పోనీ పైగోడని ఎంత గట్టిగా పట్టుకున్నా, చాలా గోడలున్న ట్యూబ్ అయితే పైగోడ తెగి లోపలివి ఒరలోంచి కత్తిలా జారి వచ్చేస్తాయి. 2000లో ఒక్కో ట్యూబ్‌ని రెండు వైపులా పట్టుకుని లాగినప్పుడు సరిగ్గా ఇదే కనిపించింది.

అందుకే ఆ పాత ఎపిసోడ్‌ని తీసేయట్లేదు గానీ, "కలిపితే చాలు" అన్న చోట స్క్రీన్ మీద సవరణ వేశాను. 47 అన్న అంకె కూడా ఆ ఒక్క పాలిమర్‌కీ, ఆ ట్యూబులకీ వచ్చింది. ఇంకో ప్లాస్టిక్ తీసుకుంటే మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిందే.