టికెట్ పోరులో తప్పుకునే వేళ

1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతిలో మాట్లాడమన్నారు. కనుక వనపర్తి ఎన్నికల ముచ్చటే ఎత్తుకుంటాను.

2023లో కాంగ్రెస్ టికెట్ దరఖాస్తులకు ఆఖరు తేదీ ఆగస్టు 25. అది సురవరం వారి వర్ధంతి. పార్టీ ఆఫీసు గాంధీభవన్ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది లెండి! జనరల్ అభ్యర్థి 50 వేల రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాగితం ప్రదేశ్ ఎన్నికల కమిటీకి, అక్కణ్నుంచి స్క్రీనింగ్ కమిటీకి, చివరికి ఢిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీకి పోతుంది. అక్టోబరు 27 జాబితాలో వనపర్తికి చిన్నారెడ్డి గారి పేరు వచ్చింది. అక్కడ నాలుగుసార్లు గెలిచిన మాజీ మంత్రి. నవంబరు 6న ఆ పేరు తీసేసి తూడి మేఘారెడ్డి గారి పేరు పెట్టారు. నామినేషన్లకు ఇంక నాలుగు రోజులే గడువు.

ఇలాంటప్పుడు వెనకబడ్డవాడు ఎప్పుడు తప్పుకోవాలి? అమెరికాలో 2008లో హిల్లరీ క్లింటన్ జూన్ 3న చివరి ప్రైమరీల దాకా పోరాడి, జూన్ 7న ఒబామాకు మద్దతు పలికారు. అక్కడ ప్రతినిధుల లెక్క రోజూ పత్రికల్లో కనిపించేది. మన దగ్గర ఉన్నది పార్టీ చేయించే సర్వే. దాన్ని ఎవరు చేశారో, ఎవరికి ఎంత వచ్చిందో ఆశావహుడికి చూపించరు. తాను వెనకబడ్డానని తెలియనివాణ్ని ముందే తప్పుకోమనడం అన్యాయం. జాబితాలో పేరు వచ్చినా నమ్మకం లేదు. అదే 2023లో అలంపూర్‌లో బీఆర్‌ఎస్ ఆగస్టులో అబ్రహాం గారిని ప్రకటించి, నవంబరులో పార్టీ అభ్యర్థిత్వ పత్రమైన బీఫాం విజయుడు గారికిచ్చింది.

కంటికి కనిపించే గడువు ఒక్కటే. నామినేషన్ల ఆఖరు రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు బీఫాం రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ ఏడాది అది నవంబరు 10. అప్పటిదాకా ఢిల్లీ వెళ్లు, అలుగు, అడుగు; తప్పు లేదు. ఆ తర్వాత కొట్లాడితే అది టికెట్ పోరు కాదు, సొంత పార్టీ అభ్యర్థిని ఓడించే పని. రెబల్‌గా నామినేషన్ వేసినవాడికి ఉపసంహరణ గడువు 15 దాకా ఉండింది. ఆలోచించుకోవడానికి ఆ అయిదు రోజులు చాలు.

టికెట్ పోయినా చిన్నారెడ్డి గారు పార్టీలోనే ఉండిపోయారు. మేఘారెడ్డి గారు అప్పటి మంత్రి నిరంజన్‌రెడ్డి గారిపై 25 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. 2024లో చిన్నారెడ్డి గారికి రాష్ట్ర ప్రణాళికా సంఘం ఉపాధ్యక్ష పదవి దక్కింది. పదవి వస్తుందని ఉండమనడం లేదు, రానివాళ్లే ఎక్కువ.

2023లోనే నాగర్‌కర్నూల్‌లో కాంగ్రెస్ టికెట్ కూచుకుళ్ల రాజేశ్‌రెడ్డి గారికి వెళ్లింది. టికెట్ ఆశించిన నాగం జనార్దన్‌రెడ్డి గారు అక్టోబరులోనే కాంగ్రెస్ వదిలి బీఆర్‌ఎస్‌లో చేరారు. అయినా రాజేశ్‌రెడ్డి గారే గెలిచారు. నాగం గారిని తప్పుపట్టేవాళ్లున్నారు, నేను పట్టను. నామినేషన్లు మొదలుకాక ముందే, అందరూ చూస్తుండగా కండువా మార్చారు. మెడలో పాత కండువా ఉంచుకొని, పోలింగ్ నాటికి బూత్ ఏజెంట్లను ఇంట్లో కూర్చోబెట్టి, లోపాయికారీగా ఎదుటివాడికి పనిచేసేవాళ్లతో పోలిస్తే అది నిజాయితీ గల పద్ధతి. ఇలాంటివాళ్లు ఏ నియోజకవర్గంలో లేరు చెప్పండి?

పార్టీలకు నా విన్నపం ఒకటుంది. దరఖాస్తుకు 50 వేలు కట్టించుకున్నారు కదా, జాబితా ప్రకటించకముందే ఆ మనిషిని పిలిచి, అతని సర్వే అంకెలు అతనికి చూపించండి. ఆ తర్వాత తప్పుకోమని అడగండి.