పటం కదిలితే చూసేది ఎవరు?

ఈసారి మాట కొంచెం ఫిలాసఫీ. భయపడకండి, మన సిద్దిపేట జిల్లా చేర్యాల నుంచే మొదలుపెడతా.

చేర్యాల నకాషి బొమ్మలు ఫ్రేముల్లో చూసే ఉంటారు. ఎర్ర రంగు నేపథ్యం, పెద్ద కళ్ళు. కానీ అసలు పటం గోడకు తగిలించేది కాదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, 3 అడుగుల వెడల్పున, ఒక్కోసారి 30, 40 అడుగుల పొడవున కథంతా వరుసగా గీసేవాళ్ళు. కథ చెప్పేటాయన దాన్ని వేలాడదీసి, కొంచెం కొంచెం విప్పుతూ పాడేవాడు. సినిమా రాకముందు మన ఊళ్ళల్ల ఉన్న కదిలే బొమ్మల్లో ఇదొకటి.

పెయింటింగ్ ముందు నిలబడి ఆలోచించొచ్చు, సినిమాలో కన్ను నిలిచేలోపే బొమ్మ మారిపోతుంది అని వాల్టర్ బెన్యమిన్ 1936 నాటి వ్యాసంలో అన్నాడు. పటం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కదులుతుంది, ఆగుతుంది. ఎక్కడ ఆగాలో కథకుడు జనం మొహాలు చూసి తేల్చుకోవచ్చు. మీ రీల్స్ యాప్ కూడా మిమ్మల్ని గమనిస్తుంది లెండి, ఎన్ని సెకన్లు ఆగారో లెక్కపెడుతుంది. మొహం మాత్రం దానికి పట్టదు.

ఇప్పుడు అసలు సంగతి. రసం అందాలంటే చూసేవాడు ‘నేను, నాది’ అన్నది పక్కన పెట్టాలని భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పారు. దీన్నే సాధారణీకరణం అంటారు. గొప్ప మాటే. కానీ పటం కథలో జరిగేది దాదాపు దీనికి ఉల్టా. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తారు. డక్కలివాళ్ళు మాదిగలకు జాంబ పురాణం చెప్తారు. కథ చూసేవాళ్ళ పుట్టుక గురించే! ఈ భూమి పుట్టకముందే మన మూలపురుషుడు పుట్టాడు అని వింటున్న మనిషి, తెల్లారితే తనను తక్కువగా చూసే ఊళ్ళోనే బతకాలి. ఆయనను పట్టుకుని ‘నేను’ మరిచిపో అంటే ఎట్లా? ఆ రాత్రి ఆయనకు దొరికేదే ఆ ‘నేను’.

అట్లని పాతదంతా బంగారం అనను. ఎవరి కథ వాళ్ళకే అన్న పద్ధతిలో కులం గోడ కూడా ఉంది.

స్టాన్లీ కావెల్ 1971లో ‘ది వరల్డ్ వ్యూడ్’లో ఇంకో మాట అన్నాడు: తెర మీది లోకం మనకు కనిపిస్తుంది, మనం దానికి కనిపించం. పటం కథలో ప్రేక్షకుడు కనిపిస్తాడు. ఎవరి వంశమో కథకుడికి తెలుసు, ఇచ్చే కట్నం కూడా కథలో భాగమే.

ఇప్పుడు కథ చెప్పించేవాళ్ళు తగ్గారు, పటం చిన్న ఫ్రేమయింది, బొమ్మ ఆగిపోయింది. కొనేవాళ్ళది తప్పని నేననను, ఆ అమ్మకాలతోనే కళాకారుల ఇల్లు గడుస్తుంది. అయితే ఈసారి ఆ ఫ్రేమ్ చూసినప్పుడు, ఈ బొమ్మకు ముందు ఏముంది, తర్వాత ఏమొస్తది అని గీసినవాళ్ళను అడిగి చూడండి.