పులికాట్‌లో విన్న మాట

రైలుపెట్టెలో ఎదుటి బల్లపై కూర్చున్నవారు, సత్రపు అరుగు మీద మన పక్కనే మూట దించుకున్నవారు, దారి అడిగితే పదడుగులు వెంట వచ్చి చూపినవారు ఎందరో మన జీవితంలో ఒక గడియసేపు కనిపించి మరుగై పోతారు. వారి పేరు మనకు తెలియదు. మన పేరు వారికి తెలియదు. అయినా, ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారి మాటలు మరపున పడగా, అటువంటి బాటసారి మాట ఒకటి మనస్సులో నిలిచిపోవటం శ్రోతలలో చాలమందికి అనుభవమే అయి ఉంటుంది. ఆ విధంగా మా మనస్సులో నిలిచిన మాట ఒకటి పులికాట్ సరస్సులో విన్నది. దానిని గురించి చెప్పటానికి ముందు ఆ సరస్సును గురించి కొంత చెప్పవలసి ఉన్నది.

ఆ ప్రాంతపువారు ప్రళయకావేరి అని కూడా పిలుచుకొనే ఈ సరస్సు, సముద్రంతో సంబంధం గల ఉప్పునీటి కయ్యలలో మన దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత అంత పెద్దది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్ర ప్రాంతంలోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు కోట కట్టుకొని వర్తకం సాగించిన పళవేర్కాడు పట్టణం ఆ దక్షిణపు కొసనే ఉన్నది. ఆ పేరే పాశ్చాత్యుల నోట పులికాట్ అయినది. తూర్పున సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా పరచుకొని ఉన్నది. 1971లో అక్కడినుండి మొదటి రాకెట్టు ఎగిరిన తరువాత ఆ పేరు ప్రపంచమంతటా వినబడినది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిదైన సూళ్ళూరుపేట 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడినుండి దీవికి పోయే బాట సరస్సు నడుమనే కట్ట మీదుగా సాగుతుంది. రెండు వైపులా నీరు. నీటిలో చలికాలమంతా పక్షులు.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక జనవరి మాసంలో, ఆ పక్షుల ధ్వనులను గ్రహించి శ్రోతలకు వినిపించవలెనన్న సంకల్పంతో మేమూ, మా ఇంజనీరు మిత్రుడూ ఆ కట్ట మీదికి చేరినాము. దూరాన ఫ్లెమింగోలు బారులు తీరి ఉన్నవి. ఆ పక్షి తల వంచి, ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని పీల్చి వడగట్టుకొని తింటుంది. దాని రెక్కల గులాబి వన్నె కూడ ఆ తిండినుండి వచ్చినదే. మన దేశంలో అవి గూళ్ళు కట్టే పెద్ద తావు కచ్ఛ్ ప్రాంతపు రణ్. ఇక్కడికి వచ్చేది మేతకోసం. గూడబాతుల సంగతి వేరు. అవి సమీపంలోని నేలపట్టులో చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను లేపుతవి. మేతకు మాత్రం ఈ సరస్సు మీదికి వస్తవి. 1976లో నేలపట్టును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించినారు.

అరగంటసేపు ధ్వనులు గ్రహించి, అవి ఎట్లా వచ్చినవో వింటూ కట్ట అంచున నిలబడి ఉండగా ఒక ముసలి బెస్త ఆ దారిన వచ్చినాడు. భుజాన విసురువల, చేతిలో బుట్ట. బుట్ట అడుగున దోసెడు రొయ్యలు. మమ్మల్ని చూచి ఆగి, “ఏంది సామీ, ఆ పెట్టెతో పచ్చుల్ని పట్టుకుంటా ఉండారా?” అని అడిగినాడు.

“పక్షులను కాదు పెద్దాయనా, వాటి చప్పుడును” అన్నాము.

“యాదీ, నన్నూ ఒకసారి ఇననీండి” అన్నాడు. మా మిత్రుడు హెడ్‌ఫోను అతని చెవులకు తగిలించినాడు. అతడు కన్నులు మూసుకొని, వల దించకుండానే, చాలసేపు విన్నాడు. చివరకు తీసి ఇచ్చి, “పచ్చులుండాయి. గాలుండాది. నీళ్ళు లేవే?” అన్నాడు.

ఎదురుగా కనుచూపు మేర నీరే ఉన్నది గదా అన్నాము.

“అయి నిలవనీళ్ళు సామీ. నిలవనీళ్ళకు నోరేడుంటాది? నేను వయసులో ఉండంగా పోటొచ్చే యాళకి ఈ తూముల కింద నీళ్ళు గలగలా అంటా ఎక్కేవి. చీకట్లో ఆ చప్పుడు ఇనే వల ఎత్తుకొని వచ్చేవోళ్ళం. రాయదొరువు కాడ మొగ పూడిపాయె. నీళ్ళు మూగబోయినాయి.”

ఎండ ముదురుతున్నది, మా బండిలో ఊరిదాకా దింపుతామన్నాము. “వద్దు సామీ, మీ బండంతా నీసు కంపు కొడతాది” అని నవ్వి, కట్ట వెంట నడిచి వెళ్ళిపోయినాడు. పావుగంటకు మించని పరిచయం. ధ్వనిని వినిపిస్తున్న యంత్రం ఆ సమయంలో ధ్వనిని గ్రహించదు కనుక అతని కంఠం మా వద్ద లేదు. మాట మాత్రం ఉన్నది.

ఆ మాటలోని సత్యం సరస్సు ప్రకృతి తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. సరస్సు సముద్రంతో ఊపిరి తీసుకొనేది ముఖద్వారాల గుండానే: దక్షిణాన పళవేర్కాడు వద్ద, ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాలెం ప్రాంతాలలో. తీరం వెంబడి ప్రవాహాలు తెచ్చే ఇసుక నిరంతరం ఆ ద్వారాలను పూడ్చజూస్తుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో కాళంగి, అరణి నదుల వరద సరస్సును నింపి, సముద్రంలోకి త్రోసుకొని పోతూ ఆ ఇసుకను కడిగివేయవలె. పైనుండి వచ్చే నీరు తగ్గిన ఏట ఇసుకదే పైచేయి. అప్పుడు పోటు లోపలికి రాదు; వేసవిలో నీరు ఆవిరై, ఉప్పదనం సముద్రాన్ని మించుతుంది; ఉత్తర భాగంలో నేల బయటపడి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

దీనివలన మొదట నష్టపడేది రొయ్య. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. నూలుపోగంత పిల్ల పోటుతో పాటు సరస్సులోకి వచ్చి, అక్కడి మెత్తని బురదలో మేసి పెరిగి, తిరిగి సముద్రానికి పోతుంది. వాకిలి మూసిన ఇంటిలోకి బిడ్డ ఎట్లా వస్తుంది? రొయ్య రాకపోతే వలలో పడదు. చేప తగ్గితే గూడబాతుకు కరవు. వల మోసేవాని కుమారుడు పట్టణానికి కూలికి పోతాడు. ఆ బుట్ట అడుగున ఉన్న దోసెడు రొయ్యలకు వెనుక ఇంత కథ ఉన్నది.

ఈ విషయాలన్నీ మేము తరువాత గ్రంథాలలో చదివినాము. సరస్సును పరిశీలించినవారు కొలతలు వేసి వ్రాసినారు. అయితే వాటిని చదివినప్పుడెల్ల మాకు వినిపించేది ఆ బాటసారి కంఠమే. ధ్వనులను పోగుచేయటమే వృత్తిగా గలవారము మేము. ఉన్న చప్పుడును వినటం మా పని. లేని చప్పుడును వినగలగటానికి ఒక చోట ఒక బ్రతుకు బ్రతికి ఉండవలె. ఆ తూముల కింద ఒకనాడు నీరు పలికినదని తెలిసినవానికే నేటి నిశ్శబ్దం వినబడుతుంది. అది తెలిసిన తరము గడచిపోతే, తరువాత వచ్చేవారికి మూగనీరే సహజమైన నీరుగా తోస్తుంది. ఏదో పోయినదన్న స్పృహ కూడ వారికి ఉండదు. అపరిచితుని మాట మనస్సులో నిలిచిపోవటానికి కారణం మాకు ఇక్కడ కనిపించినది: అతడు మనకు ఇచ్చిపోయినది మరొకరివద్ద దొరకనిది.

ముఖద్వారాల పూడిక తీయవలెనన్న కోరిక ఆ తీరపు గ్రామాలలో ఏనాటిదో. అది ఖర్చుతోను, నైపుణ్యంతోను కూడిన పని. ఒకసారి తీసినా ఇసుక మరల వస్తుంది కనుక ఎడతెగని కాపలా కావలసిన పని. దాని ఫలితాన్ని కొలవటానికి పరికరాలు ఎన్నో ఉన్నవి. వాటితో పాటు, చీకటిలో చప్పుడు విని వల ఎత్తుకొన్న ముసలివారిని కూడ ఒకసారి ఆ తూముల వద్ద నిలబెట్టి అడగటం మంచిదని మా మనవి. నీరు మరల నోరు విప్పినదో లేదో వారు కన్నులు మూసుకొని చెప్పగలరు.