పాఠం ఆగిన చోటు
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన సర్వీసంతా ఏకోపాధ్యాయ బడుల్లోనే గడిచింది. ఒక గది, ఐదు తరగతులు, ఒక్క పంతులు. విద్యాశాఖ లెక్కల్లో అదెప్పుడూ ఒక లోటే. ఆ లోటునే పునాదిగా తీసుకుని బడి కట్టినవాళ్ల గురించి ఇవాళ మాట్లాడతాను.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ అనగానే జిడ్డు కృష్ణమూర్తి, ఆయన పెట్టిన రెసిడెన్షియల్ స్కూలు గుర్తొస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో అదే సంస్థవారి గ్రామీణ విద్యాకేంద్రం నడిపే చిన్నబడుల సంగతి తక్కువమందికి తెలుసు. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులుగా మార్చారు. గోడమీద నిచ్చెన పటం, మెట్టుమెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. పిల్ల వస్తూనే తానాగిన మెట్టు చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తీసుకుంటుంది, తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకి పంతులు కావాలి. ఇంకో గుంపుకి పక్కనున్న పెద్దపిల్ల చాలు. మరో గుంపుకి ఎవరూ అక్కర్లేదు. ఆరేళ్లవాడూ తొమ్మిదేళ్లదీ ఒకేచోట కనిపిస్తే అక్కడెవరూ వింతగా చూడరు.

ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, బడి మానిన రోజుల లెక్క. వేరుశనగ పీకే రోజుల్లో అమ్మతో చేలోకి పోయిన పిల్ల తిరిగొచ్చేసరికి మామూలు తరగతిలో పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది. రెండుసార్లు అలా జరిగితే పిల్ల బడికి రావడమే మానేస్తుంది. రిజిస్టరులో మనం ‘డ్రాపౌట్’ అని రాసుకుంటాం, తప్పు పిల్లదే అన్నట్టు. నిచ్చెన ఉన్న గదిలో ఆమె మెట్టు ఆమె కోసం అలాగే ఉంటుంది.

ఊరికీ ఇందులో పని ఉంది. మెట్రిక్ మేళా రోజున పిల్లలే అంగళ్లు పెడతారు, తూస్తారు, కొలుస్తారు, చిల్లర లెక్కపెట్టి ఇస్తారు. కొనేవాళ్లు అమ్మానాన్నలు. లెక్క తప్పితే బేరమాడే అమ్మ ఊరుకుంటుందా!

ఈ పద్ధతి 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకు చేరింది, 2007-08 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వెళ్లింది. కర్ణాటకలో ‘నలికలి’ అయింది. అంత వేగంగా పాకినప్పుడు కార్డులు పైనుంచి అచ్చయి వస్తాయి. పంతులు రాసుకోని కార్డు ఇంకో పాఠ్యపుస్తకమే అవుతుందని నా భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) రోజుల ఆరు బోధనా సూత్రాలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. పిల్లల పనిని ప్రదర్శించడం వాటిలో ఒకటి. తనిఖీకి వచ్చినవారి కళ్లకు తేలిగ్గా ఆనేది అదే. కాబట్టి చాలా గదుల్లో తాళ్లకు వేలాడే కాగితాలు మిగిలాయి, తక్కిన ఐదూ పలచబడ్డాయి.

కార్డులకు ఆ గతి పట్టకుండా, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పంతుళ్లు కూర్చుని తమ పిల్లల కోసం కార్డులు రాసుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు. అడ్డమల్లా తనిఖీ ఫారంలోని ఒక గడి: ‘ఈ నెల ఏ పాఠం వరకు పూర్తయింది?’ పిల్లకో మెట్టు ఉన్న గదిలో దానికి ఒక్క జవాబు ఉండదు. ముందు ఆ గడి తీసేయమని విద్యాశాఖవారిని ఈ సభ తరఫున అడుగుతున్నాను.